కట్టెల పిజ్జా ఓవెన్‌కు ఏ పనిముట్లు కావాలి? దాన్ని ఎలా శుభ్రం చేయాలి?

కట్టెల ఓవెన్‌లో పిజ్జా కింద పెనం గానీ పళ్లెం గానీ ఉండదు. కాసేపటి క్రితం ఏ ఇటుకల మీద నిప్పు రగిలిందో, ఆ ఇటుకల మీదే పిజ్జా నేరుగా కాలుతుంది. కాబట్టి ఈ ఓవెన్‌కు వాడే పనిముట్లు ఏవైనా రెండు పనులు చేయాలి. ఆ నేలను వేడిగా, బూడిద లేకుండా ఉంచాలి. మన చేతులను ఆ వేడికి దూరంగా ఉంచాలి. ఈ లెక్కన చూసుకుంటే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో సులువుగా తేలిపోతుంది. సెట్‌గా అమ్మే వస్తువులన్నీ కొనేయకండి. వాటిలో సగం గోడకు వేలాడుతూనే ఉండిపోతాయి.

ముందు టేపు తీసుకుని కొలవండి

ఓవెన్ చల్లగా ఉన్నప్పుడు నోటి దగ్గర నుంచి వెనక గోడ దాకా ఎంత లోతుందో కొలవండి. నోటి వెడల్పు, ఎత్తు కూడా రాసుకోండి. పనిముట్టు కొస వెనక గోడను తాకినప్పుడు కూడా మీ చేతులు ఓవెన్ నోటికి కనీసం ఒక అడుగు బయట ఉండాలి. పిడి పొడవు దాన్ని బట్టి ఎంచుకోవాలి. అలాగని మరీ పొడవైనదీ పనికిరాదు. ఓవెన్ ముందు నిలబడి పిడిని వెనక్కి లాగడానికి చోటుండాలి కదా. బల్ల మీద పెట్టుకునే చిన్న ఓవెన్‌కు పొట్టి పిడి చాలు, పొడవాటిదైతే తిప్పడమే కష్టం. పిజ్జాను లోపలికి పంపే వెడల్పాటి పలకను పీల్ అంటారు. దాని వెడల్పు ఓవెన్ నోటి కంటే రెండు పక్కలా కాస్త తక్కువ ఉండాలి. లేకపోతే పిజ్జాతో లోపలికి వెళ్లేటప్పుడు అంచులు తగులుతాయి.

పీల్ ఒకటి కాదు, రెండు

మీ దగ్గర డబ్బు తక్కువగా ఉంటే మిగతావన్నీ తర్వాత కొనుక్కోవచ్చు, పీల్స్ మాత్రం మంచివి తీసుకోండి.

మొదటిది పచ్చి పిజ్జాను లోపల వేయడానికి. చెక్క పీల్ మీద తడి పిండి తొందరగా అంటుకోదు, కాబట్టి కొత్తవాళ్లకు అదే హాయి. కానీ అది మందంగా ఉంటుంది, కాలిన పిజ్జా కిందకు దూరదు. చిల్లులున్న అల్యూమినియం పీల్ పలచగా ఉంటుంది, జారుడూ బాగుంటుంది. దాని చిల్లుల్లోంచి పిండి కింద అంటుకున్న పొడి మైదా రాలిపోతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. వేడి నేల మీద పడిన పొడి మైదా చూస్తుండగానే మాడిపోతుంది. ఆ మసి తర్వాతి పిజ్జా అడుగున అంటుకుని చేదు చేస్తుంది. మైదా బదులు సన్న రవ్వ చల్లితే అది కొంచెం నెమ్మదిగా మాడుతుంది. ఏది చల్లినా కొంచెమే చల్లండి.

పిజ్జాను లోపల వేసే ముందు పీల్‌ను ముందుకీ వెనక్కీ ఒకసారి కుదపండి. పిజ్జా మొత్తం కదిలితే సరే. ఎక్కడైనా అంటుకుంటే ఆ అంచు ఎత్తి కాస్త రవ్వ చల్లండి. ఈ పరీక్ష చేయకుండా ఓవెన్ దగ్గరికి వెళ్లొద్దు. సగం పిజ్జా లోపల, సగం పీల్ మీద ఉండిపోతే పైనున్న సాసూ చీజూ నేల పాలవుతాయి. తర్వాత శుభ్రం చేసే పని రెట్టింపు అవుతుంది.

రెండోది టర్నింగ్ పీల్. సుమారు 20 సెంటీమీటర్ల గుండ్రటి లోహపు పలక, పొడవాటి పిడి. నిప్పు ఒక పక్కనే ఉంటుంది కాబట్టి పిజ్జా ఆ వైపే ముందు కాలుతుంది. దాన్ని లోపలే తిప్పడానికి ఇది కావాలి. తిప్పేటప్పుడు పిజ్జాను మొదట ఉన్న చోటికే చేర్చండి. పిజ్జా కింద ఉన్న ఇటుక అప్పటికే కొంత వేడిని ఇచ్చేసి ఉంటుంది. కొత్త చోటికి జరిపితే అక్కడి ఇటుక ఇంకా మండుతూ ఉంటుంది, అడుగు మాడుతుంది. పిజ్జాలు అడుగున నల్లబడుతున్నాయని బాధపడేవాళ్లు మంట తగ్గించే ముందు ఈ ఒక్క అలవాటు మార్చి చూడాలి.

అడుగు కాలిపోయి పైన ఇంకా పచ్చిగా ఉంటే, ఇదే పీల్‌తో పిజ్జాను గుమ్మటం వైపు ఎత్తి కొన్ని సెకన్లు పట్టుకోండి. పైన వేడి ఎక్కువ.

నిప్పును జరిపే సామాన్లు

నిప్పులను ఒక పక్కకు నెట్టడానికి, ముందుకు లాగడానికి గట్టి ఇనుప రేక్ కావాలి. దీనికి పళ్లు అక్కర్లేదు, కొసన అడ్డంగా ఒక పట్టీ ఉంటే చాలు. కట్టెలు వేయడానికి పొడవాటి పట్టకారు, మోచేతుల దాకా వచ్చే మందపాటి తోలు గ్లవ్స్ తప్పనిసరి. సింథటిక్ బట్టతో చేసిన గ్లవ్స్ వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి, అవి వద్దు. తడిసిన గ్లవ్స్ కూడా వద్దు. వాటిలోంచి వేడి వెంటనే చేతికి దిగుతుంది.

నిప్పులు పిజ్జా వైపు దొర్లకుండా ఆపడానికి ఒక ఇనుప అడ్డు పెట్టుకుంటే నేల శుభ్రంగా ఉంటుంది. ఊదుడు గొట్టం ఉంటే మంచిదే గానీ తప్పనిసరి కాదు. వాడితే మాత్రం గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి లోపలికి పీల్చకండి. నోరు తీసి, పక్కకు తిరిగి పీల్చి, మళ్లీ ఊదండి.

వేడి ఎంతుందో తెలుసుకోవడం

నేపుల్స్ తరహా పిజ్జాను కాపాడడానికి 1984లో అక్కడ ఒక సంఘం ఏర్పడింది. దాని నియమాల ప్రకారం ఓవెన్ నేల 380 నుంచి 430 డిగ్రీల సెల్సియస్ మధ్య, గుమ్మటం 485 డిగ్రీల దగ్గర ఉండాలి. పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోవాలి. ఇంట్లో అంత వేడి అక్కర్లేదు. 350 దగ్గర కూడా చక్కటి పిజ్జా వస్తుంది, కాకపోతే ఇంకొంచెం సమయం పడుతుంది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనేటప్పుడు అది కనీసం 500 డిగ్రీల దాకా చూపిస్తుందో లేదో చూసుకోండి. అది లోపలి గాలి వేడిని కాదు, గురిపెట్టిన చోట ఇటుక పైభాగం వేడిని చూపిస్తుంది. మంటలోంచి చూస్తే లెక్క తప్పుతుంది. నేల మీద పిజ్జా పెట్టే చోటు, దాని అటూ ఇటూ కొలవండి. థర్మామీటర్ లేకపోయినా గుమ్మటం చెబుతుంది. నిప్పు రాజేసిన కొత్తలో అది మసితో నల్లగా ఉంటుంది. వేడి బాగా పెరిగాక ఆ మసి దానంతట అదే కాలిపోయి ఇటుక రంగు బయటపడుతుంది. అప్పటిదాకా పిజ్జా వేయకండి.

పిజ్జా వేసే ముందు నేలను ఎలా ఊడ్వాలి?

1. గుమ్మటం తేటపడ్డాక నిప్పులన్నీ రేక్‌తో ఒక పక్కకో వెనక్కో నెట్టండి. చిన్న కణికలు కూడా మిగలకూడదు.

2. కొద్ది నిమిషాలు ఆగండి. నిప్పు కింద ఉన్న ఇటుకలు మిగతా నేల కంటే చాలా వేడిగా ఉంటాయి. ఆ వేడి కాస్త సర్దుకోవాలి.

3. పొడవాటి పిడి ఉన్న ఇత్తడి తీగల బ్రష్‌తో బూడిదను నిప్పుల వైపు ఊడ్వండి. బ్రష్‌ను నేలకు ఆనించి, పొట్టి పొట్టిగా, నెమ్మదిగా ఊడ్వాలి. విసురుగా ఊడిస్తే బూడిద పైకి లేచి మళ్లీ అక్కడే పడుతుంది.

4. ఒక చిన్న మంట రగులుతూ ఉండేలా సన్న కట్టె ఒకటి నిప్పుల మీద వేయండి. పిజ్జా పై భాగం కాలేది ఆ మంట వల్లే.

బ్రష్ విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఇత్తడి తీగలు ఉక్కు కంటే మెత్తన, ఇటుకను గీకవు. ప్లాస్టిక్ కుచ్చు అయితే కరిగిపోతుంది. ఏ తీగల బ్రష్ అయినా కొన్నాళ్లకు తీగలు ఊడడం మొదలవుతుంది. అలా ఊడిన తీగ ముక్క పిజ్జా అడుగున అంటుకుని కడుపులోకి వెళితే గొంతుకో పేగుకో గుచ్చుకుంటుంది, ఆపరేషన్ దాకా పోయిన సందర్భాలున్నాయి. వాడే ముందు ప్రతిసారీ తీగలను పట్టకారుతో లాగి చూడండి. ఒక్కటి వదులుగా వచ్చినా ఆ బ్రష్ పారేయండి. ఊడ్చాక నేల మీద టార్చ్ వేసి ఒకసారి చూడడం ఇంకా మంచిది.

కొందరు కర్రకు తడి గుడ్డ కట్టి నేల తుడుస్తారు. రొట్టెలు కాల్చే కట్టెల ఓవెన్‌లలో ఇది పాత పద్ధతే. చేయాలనుకుంటే నూలు గుడ్డను నీరు కారకుండా గట్టిగా పిండి, ఒక్కసారి తుడిచి తీసేయండి, ముఖం దూరంగా పెట్టండి. నా మట్టుకు నాకు బ్రష్ చాలనిపిస్తుంది. మండుతున్న ఇటుక మీద నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకండి. ఇటుక పగులుతుంది, ఎగిసే ఆవిరి చేతులనూ ముఖాన్నీ కాలుస్తుంది.

చీజ్, సాస్ ఒలికితే

కంగారు పడకండి. పెద్ద ముద్దలను రేక్‌తో నిప్పుల్లోకి నెట్టేయండి. మిగిలిన మరక మీదకు కాసిన్ని నిప్పులు లాగి కొన్ని నిమిషాలు ఉంచితే అది మాడి పొడవుతుంది. అప్పుడు గీకి ఊడిస్తే పోతుంది. సబ్బు, గిన్నెలు తోమే ద్రవాలు, ఓవెన్ క్లీనర్లు వాడొద్దు. ఇటుక వాటిని పీల్చుకుంటుంది, తర్వాత అవి మీ పిజ్జాకే చేరతాయి. ఈ ఓవెన్‌కు నిప్పును మించిన క్లీనర్ లేదు. అందుకే గుమ్మటాన్ని ఎవరూ కడగాల్సిన పని లేదు.

మర్నాడు బూడిద తీయడం

వంట అయ్యాక నీళ్లు చల్లి నిప్పు ఆర్పకండి. దాన్ని అలాగే ఆరనివ్వండి, తలుపు ఉంటే మూయండి. మర్నాడు చల్లబడ్డాక అంచు చదునుగా ఉన్న చిన్న పారతో బూడిద ఎత్తండి. పైకి చల్లారినట్టు కనిపించినా బూడిద అడుగున కణికలు ఒక రోజుకు పైగా ప్రాణంతో ఉంటాయి. అందుకే మూత ఉన్న లోహపు బకెట్‌లోనే వేయాలి. దాన్ని చెక్క నేల మీద కాకుండా మట్టి మీదో సిమెంటు మీదో, గోడకు దూరంగా పెట్టండి. ప్లాస్టిక్ సంచి, అట్టపెట్టె, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ ఇవేవీ వద్దు. బకెట్‌ను ఇంట్లోకి కూడా తేవద్దు, కణికల నుంచి వాసన కూడా తెలియని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఎత్తేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

పొగగొట్టం, వాన, కట్టెలు

తడి కట్టె పొగ ఎక్కువ ఇస్తుంది, ఆ పొగ గొట్టంలో తారులా పేరుకుంటుంది. అది ఒక రోజు అంటుకుని మండవచ్చు. తేమ 20 శాతం కంటే తక్కువ ఉన్న, బాగా ఎండిన గట్టి కట్టె వాడితే ఈ బెడద చాలా తగ్గుతుంది. రంగు వేసినవి, ప్లైవుడ్, మందు పట్టించిన చెక్కలు వేయకండి. వాటి పొగ విషం. ఏడాదికి ఒకసారైనా గొట్టం కొలతకు సరిపోయే బ్రష్‌తో లోపల శుభ్రం చేయించండి.

వానలో నానిన ఓవెన్‌లో వెంటనే పెద్ద మంట వేయకూడదు. ఇటుకల్లోని నీరు ఆవిరై బయటికి పోయే దారి లేక పగుళ్లు వస్తాయి. కొన్ని చిదుగులతో చిన్న మంట వేసి, మెల్లగా పెంచండి. గుమ్మటం మీద వెంట్రుక సన్నని పగుళ్లు మామూలే. వాటిలోంచి పొగ వస్తుంటే మాత్రం వేడిని తట్టుకునే మోర్టార్‌తో పూడ్చాలి.

పనిముట్లను దాచేటప్పుడు

చెక్క పీల్‌ను నీళ్లలో నానబెట్టకండి, వంకర పోతుంది. పొడిగా గీకి, తడి గుడ్డతో తుడిచి, నిలబెట్టి ఆరనివ్వండి. అంచు కాలి మొద్దుబారితే సాండ్‌పేపర్‌తో రుద్ది మళ్లీ పలచగా చేయండి. లోహపు పీల్‌ను మామూలుగా కడిగి తుడిచి ఆరబెట్టొచ్చు. ఇనుప రేక్‌కు, పారకు తుప్పు పట్టకుండా వాన తగలని చోట వేలాడదీయండి. బూడిదలో తిరిగిన బ్రష్‌ను మాత్రం పిండి తాకే పీల్స్ పక్కన పెట్టకండి.