చెట్టెక్కి కొమ్మలు కొట్టే పనికి రంపం ఆఖర్న కొనండి

తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల పలాస దగ్గర తీరం దాటింది, తెల్లారి చూస్తే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస నేలమీదే ఉన్నాయి. గొడ్డళ్ళతో అయ్యే పని కాదని ఊరూరా చైన్ రంపాలు కొన్నారు. తర్వాత చాలామంది కుర్రోళ్ళకి అదే బతుకుదెరువు అయింది, ఇటు కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, అటు ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగోళ్ళ తోటలూ ఇళ్ళూ. నేనూ అలా వచ్చినవాణ్ణే. కొత్తగా వచ్చేవాళ్ళలో దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. ముందు మిషన్ కొంటున్నారు, మిగిలిన డబ్బుల్తో ఏదో తాడు కొంటున్నారు, హెల్మెట్ అంటే బండిదే పెట్టుకుంటున్నారు. ఈ వరస తిరగెయ్యాలి. ముందు మిమ్మల్ని చెట్టుకి పట్టి ఉంచేవి కొనాలి, తర్వాత ఒంటిని కాచేవి, రంపం ఆ తర్వాతే.

ముందు హార్నెస్ సంగతి, అంటే ఒంటికి బిగించుకుని తాడు తగిలించుకునే పట్టీల బెల్టు. బిల్డింగ్ పనోళ్ళు వేసుకునే మామూలు ఫుల్ బాడీ హార్నెస్ మీద ఐఎస్ 3521 అని భారత ప్రమాణం నంబరు ఉంటుంది, మంచిదే, కాకపోతే అది పడిపోయినవాణ్ణి ఆపడానికి చేసింది. వీపు మీద రింగుకి తాడు తగిలిస్తే వేలాడతారు తప్ప కొమ్మ దగ్గరికి జరిగి పని చెయ్యలేరు. చెట్టు పనికి నడుం బెల్టుకి రెండు పక్కలా రింగులు, ముందర ఒక రింగు, తొడల కింద వెడల్పు పట్టీలు ఉన్నది కావాలి. చెట్ల పనికని ప్రత్యేకంగా చేసినవి ఖరీదనిపిస్తే సెల్ టవర్లు ఎక్కేవాళ్ళు వాడే రకం చూడండి, పక్క రింగులు ఉంటాయి.

తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్ల లావుండాలి, లోపల పోగులు, పైన అల్లిన తొడుగు ఉన్న నైలాన్ గానీ పాలిస్టర్ గానీ, ఎక్కువ సాగనిది, కనీసం 22 కిలోన్యూటన్లు అని రాసి ఉన్నది, అంటే సుమారు 2200 కిలోల లాగుడికి గానీ తెగదు. మన దగ్గర వలల కొట్లో దొరికే నీలం ప్లాస్టిక్ తాడుతో మాత్రం ఎక్కొద్దు. పడవలకీ లారీలకీ అది సరిపోతుంది, కానీ రాపిడి వేడికి తొందరగా కరుగుతుంది, ఎండకి పెళుసెక్కుతుంది, పైపైన చూస్తే ఏమీ తెలీదు. ఇంకోటి, మీరు ఎక్కే తాడుతో కొమ్మలు దించొద్దు. కొమ్మ జారి పడ్డప్పుడు తాడు మీద పడే దెబ్బ దాని బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది, అలా రెండుసార్లు దెబ్బతిన్న తాడుని మర్నాడు మీ ప్రాణానికి కట్టుకుంటారా? రెండూ వేరే రంగుల్లో కొనండి, కింద ఉన్నోడు పొరపాటున కూడా మార్చి ఇవ్వడు.

మన పెద్దోళ్ళు తాటిచెట్టు ఎక్కే మోకు చూసే ఉంటారు, చెట్టు చుట్టూ తిరిగొచ్చి నడుముని పట్టి ఉంచుతుంది. ఆలోచన అదే, కాకపోతే వాళ్ళ చేతిలో కత్తి, మన చేతిలో సెకనుకి ఇరవై మీటర్లు తిరిగే గొలుసు, మోకుకి ఒక్కసారి తగిలితే చాలు. అందుకే నడుం లాన్యార్డ్, అంటే మోకులాగా చెట్టు చుట్టూ తిప్పి బెల్టుకి తగిలించే పొట్టి తాడు, లోపల స్టీలు వైరు ఉన్నది తీసుకోవాలి, అదీ తెగదని కాదు, వెంటనే తెగదు అంతే. రంపం స్టార్ట్ చేసే ముందు మీరు రెండు చోట్ల కట్టుకుని ఉండాలి, పైనుంచి వచ్చే తాడు ఒకటి, ఈ లాన్యార్డ్ ఒకటి. కంచిలి దగ్గర ఒక చింతచెట్టు మీద నా నైలాన్ లాన్యార్డ్‌కి రంపం తగిలి మూడొంతుల్లో రెండొంతులు తెగిపోయింది, నాకు తెలీలేదు కూడా, కింద ఉన్న బావ చూసి అరిచాడు. పై తాడు లేకపోతే ఈరోజు ఇది రాసేవాణ్ణి కాదు. స్టీలు వైరుది ఆ మర్నాడే కొన్నాను.

కాళ్ళకి కట్టుకునే ఇనప మేకులు కొట్టేసే చెట్టుకి మాత్రమే వాడండి. బతకాల్సిన చెట్టుకి ప్రతి అడుగూ ఒక గాయమే, కొబ్బరికైతే మరీను, మామిడికో వేపకో పడ్డ గాయం చుట్టూ కొత్త బెరడు వచ్చి మూసుకుంటుంది, కొబ్బరికి అలా కొత్త పొర పెరగదు, ఆ బొక్క ఉన్నన్నాళ్ళూ ఉంటుంది, అందులోంచే పురుగు దిగుతుంది.

హెల్మెట్ ఐఎస్ 2925 ముద్ర ఉన్నది, గడ్డం పట్టీ గట్టిగా ఉన్నది, పైన అయినా కింద అయినా తియ్యొద్దు. బండి హెల్మెట్‌తో తలెత్తి పైకి చూడలేరు, పక్కోడి మాట వినపడదు. కళ్ళకి జాలీ, చెవులకి మఫ్స్. రంపం మోత వంద డెసిబెల్స్ దాటుతుంది, 85 దాటాక రోజూ వింటే చెవి పోవడం మొదలవుతుంది, అది తిరిగి రాదు. రంపం పనికి చేసిన ప్యాంటు లోపల పొడుగు పోగులుంటాయి, గొలుసు తగలగానే ఆ పోగులు బయటికొచ్చి గొలుసుని తిప్పే చక్రానికి చుట్టుకుని మిషన్ని ఆపేస్తాయి. మే నెలలో మన ఉక్కలో అది వేసుకోవడం నరకం, నాకు తెలుసు, అందుకే ఎండల్లో నేను తెల్లారి ఐదుకి మొదలెట్టి పదికి దిగిపోతాను గానీ ప్యాంటు మానను. ముందు వైపు మాత్రమే కప్పే రకం చవగ్గా ఉంటుంది, నేల మీద పనికి సరిపోతుంది, చెట్టు మీద వద్దు, వెనక పట్టీలు కొమ్మలకి తగులుకుంటాయి.

ఇప్పుడు రంపం. ఆన్‌లైన్లో ఏడెనిమిది వేలకి 58 సీసీ, 22 అంగుళాల బ్లేడు మిషన్లు చూసి మురిసిపోయి దాంతోనే చెట్టెక్కుతున్నారు. అది నేల మీద మాను కొయ్యడానికి. పైన 30, 35 సీసీది, 12 లేదా 14 అంగుళాల బ్లేడు చాలు. మణికట్టు లావు కొమ్మకి ఇంజనే అక్కర్లేదు, వంపు చేతి రంపం మంచిది పెట్టుకోండి, నా పనిలో సగం దాంతోనే అవుతుంది. పైన పిడి ఉండే చిన్న మిషన్లు కూడా వస్తున్నాయి, బాగా నేర్చినవాళ్ళ కోసం చేసినవి అవి, ఒంటి చేత్తో పట్టుకోవాలనిపిస్తుంది, అదే ప్రమాదం. బ్లేడు కొస పై సగం దేనికైనా తగిలితే మిషన్ ఒక్కసారిగా మీ మొహం మీదికి తన్నుకొస్తుంది, రెండో చెయ్యి లేకపోతే ఆపేది ఏదీ ఉండదు. ముందు గార్డే బ్రేకు, అది పని చేస్తోందో లేదో రోజూ పొద్దున్నే చూసుకోండి, స్టార్ట్ చేసేటప్పుడు బ్రేకు వేసే ఉంచండి.

పెట్రోల్లో ఆయిలు పెద్ద కంపెనీల మిషన్లకి 50కి 1, అంటే లీటరుకి 20 మిల్లీ, చవక మిషన్లు చాలావాటికి 25కి 1 అంటే 40 మిల్లీ, మీ మిషన్ పుస్తకంలో ఏముందో అదే. గొలుసు మొద్దుబారితే పొట్టు బదులు పిండి రాలుతుంది, అప్పుడు మీరు నొక్కడం మొదలెడతారు, నొక్కితే జారుతుంది, జారితే కాలు. కొబ్బరి మాను బయటి భాగం చాలా గట్టి, గొలుసుని తొందరగా తినేస్తుంది, అందుకే గుండ్రటి ఆకురాయి ఎప్పుడూ జేబులో ఉండాలి, చిన్న గొలుసుకి 4 మిల్లీమీటర్లది, పెద్ద మిషన్ గొలుసుకి 4.8.

ఎక్కే ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి. మునగచెట్టు ఎక్కించడం అనే మాట ఊరికే పుట్టలేదు, మునగ కొమ్మ చెప్పకుండా విరుగుతుంది, జీడి కొమ్మా అంతే, తురాయి కూడా. చింత నమ్మకస్తురాలు. కొబ్బరికి ఎర్రముక్కు పురుగు పట్టి ఉంటే బయటికి పచ్చగానే ఉంటుంది, లోపల గుల్ల, మాను మీద బొక్కలు, వాటిలోంచి కారే గోధుమరంగు రసం, నమిలిన పీచు కనపడితే ఎక్కొద్దు. గొడ్డలి మడమతో కొట్టి చూడండి, డొల్ల చప్పుడొస్తే నిచ్చెన కూడా ఆనించొద్దు. పెద్ద తేనెపట్టు ఉంటే ఆరోజు పని మానేసి తేనె తీసేవాళ్ళని పిలవండి, తాడుకి వేలాడుతూ తేనెటీగల నుంచి పారిపోవడం కుదరదు.

కరెంటు గురించి గట్టిగా చెప్తాను. తీగ దగ్గర కొమ్మ ఉంటే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోమనే అనుమతి) తీసుకుని, లైనుకి ఎర్తింగ్ వేసి, నాకు మనిషిగా ఎదురుగా నిలబడి చెప్తే తప్ప నేను చెట్టు ముట్టుకోను. ఫోన్లో ఆపేశాం అంటే చాలదు. తుపాను తర్వాత అయితే కరెంటు పోయింది కదా అని తీగలు పక్కకి లాగేస్తున్నారు, ఎవరింట్లోనో జనరేటర్ మెయిన్ ఆపకుండా వేస్తే అది వెనక్కి వచ్చి లైనులోకి ఎక్కుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా అవతల 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టులు అయిపోతుంది. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది, 11 కేవీకి తగలనక్కర్లేదు, బాగా దగ్గరికెళ్ళినా చాలు. కరెంటోళ్ళ నంబరు 1912కి ఫోన్ చెయ్యండి, మన వైపూ ఒడిశా వైపూ అదే నంబరు.

పడిపోయిన చెట్టు నిలబడ్డ చెట్టు కన్నా ప్రమాదం, ఇది చాలామంది నమ్మరు. వేళ్ళతో సహా లేచి పడ్డ జీడో పనసో అయితే మాను కోసేసరికి ఆ వేరు ముద్ద మళ్ళీ గోతిలోకి కూర్చుంటుంది, టన్నుల బరువు, గోతిలో ఎవరూ ఉండకూడదు, పిల్లలు అక్కడే ఆడతారు కాబట్టి ముందు వాళ్ళని పంపెయ్యండి. వంగి బిగుసుకున్న కొమ్మని ఒక్క కోతతో తెంపొద్దు. లోపలి వంపులో చెక్క నొక్కుకుని ఉంటుంది, బయటి వంపులో లాక్కుని ఉంటుంది. నొక్కుకున్న వైపు ముందు కొంచెం గీసి, తర్వాత లాక్కున్న వైపు మెల్లగా కోస్తూ రావాలి, మీరు మాత్రం అది విదిలించే దారిలో నిలబడకూడదు. నిలబడ్డ చెట్టు కొట్టేటప్పుడు ముందు వైపు గాడి, లావులో నాలుగో వంతు చాలు, వెనక కోత మొత్తం కొయ్యకుండా లావులో పదో వంతు తలుపు బందులాగా వదలాలి, అదే చెట్టుని మీరనుకున్న వైపు తిప్పుతుంది. మీరు వెనక్కి ఏటవాలుగా పారిపోయే దారి ముందే తుడిచి పెట్టుకోండి, మిగతావాళ్ళు చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో ఉండాలి.

ఒక్కరే ఎక్కొద్దు. కింద ఉన్నోడికి కూడా హార్నెస్, తాడు ఉండాలి, ఎక్కడం రావాలి, ఎందుకంటే పైన దెబ్బ తగిలి స్పృహ తప్పినవాణ్ణి తాడుకి అలా వేలాడదీసి 108 వచ్చేదాకా ఆగడానికి లేదు, వాళ్ళూ చెట్టెక్కరు. రంపం కోతకి గుడ్డ మడిచి బరువంతా వేసి నొక్కాలి, ఆగకపోతే గాయం మీద కాకుండా దానికి గుండె వైపున టోర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించి ఎన్ని గంటలకి కట్టారో నుదుటి మీద రాయండి. ఎటు తీసుకెళ్ళాలో పొద్దున్నే అనుకోండి, ఇచ్ఛాపురం దగ్గరైతే బరంపురం ఎంకేసీజీ పెద్దాసుపత్రి సుమారు పాతిక కిలోమీటర్లే, శ్రీకాకుళం 130 పైమాటే, ఆ టైములో రాష్ట్రం చూసుకోకూడదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా అందరికీ చేయించండి, ప్రమాదంలో పోతే 2 లక్షలు ఇంటికొస్తాయి. కొబ్బరి ఎక్కేవాళ్ళకి కొబ్బరి బోర్డు వాళ్ళ కేర సురక్ష బీమా వేరే ఉంది, అదీ అడగండి.

కొట్టే ముందు కాగితం కూడా చూసుకోండి, మన వైపు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి, కలప బోర్డర్ దాటించాలంటే ఫారెస్ట్ వాళ్ళ ట్రాన్సిట్ పర్మిట్. ఏ చెట్టుకి అక్కర్లేదో రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకుని, ఆ కాగితం ఓనరు పేరు మీద తీయించి, బండి ఎక్కించే ముందు మీ చేతికి తీసుకోండి.