జానపద శాండ్‌బాక్స్ క్యాంపెయిన్ మధ్యలో చల్లబడిపోతోందా? ముందు ఇవి చూడండి

పాత జానపద సినిమాల మీద ప్రేమతో, టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే ఆట) మొదలుపెట్టిన డీఎమ్‌లు, అంటే ఆట నడిపేవాళ్లు, నా దగ్గరికి తెచ్చే సమస్య దాదాపు ఒకటే. "మ్యాప్ గీశాను, ఊళ్లు పెట్టాను, మాంత్రికుడున్నాడు, నాగలోకం ఉంది. మొదట్లో అందరూ ఉత్సాహంగా ఆడారు. ఇప్పుడు ఎవరికీ మనసు లేదు." మ్యాప్ చూడకముందే నేను తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను. పోయిన సెషన్ ముగించే ముందు, వచ్చేసారి ఎక్కడికి వెళ్తారో ప్లేయర్లను అడిగారా?

అడగలేదనే చెప్తారు చాలామంది. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసేది దీన్నే. శాండ్‌బాక్స్‌లో, అంటే ముందే రాసిపెట్టిన కథ లేకుండా మ్యాప్ మీద స్వేచ్ఛగా తిరిగే ఆటలో, ఎటు వెళ్లాలో తేల్చేది ప్లేయర్లు. ఆ సంగతి ముందే తెలియకపోతే డీఎమ్ మ్యాప్ మొత్తాన్నీ సిద్ధం చేసుకుని కూర్చోవాలి. అది ఎవరి వల్లా కాదు. అందుకని తను రాసుకొచ్చిన వైపే నెమ్మదిగా మళ్లిస్తాడు. రెండుసార్లు అలా జరిగితే ప్లేయర్లకు అర్థమైపోతుంది, ఆలోచించడం మానేస్తారు. సెషన్ ఆఖరి పది నిమిషాలు దీనికే ఉంచండి. ఎటు వెళ్తారు, ఎందుకు వెళ్తారు, రెండూ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. రెండు సెషన్లు ఇలా నడిపాక కూడా తేడా లేకపోతే అప్పుడు కిందివి చూడండి.

లక్షణం: "ఇప్పుడు మేమేం చేయాలి?" అంటూ ఊళ్లోనే కూర్చుంటారు

ప్లేయర్లకు చొరవ లేదని అనుకోకండి. వాళ్లకు సమాచారం లేదు. మీ నోట్‌బుక్‌లో ముప్పై చోట్లు ఉండవచ్చు, వాళ్ల చెవిన పడినవి ఎన్ని? ఏ సమయంలోనైనా కనీసం మూడు చోట్ల గురించి వాళ్లకు తెలిసుండాలి. ఒక్కోదాని గురించి మూడు ముక్కలు చాలు: ఎటువైపు ఉంది, అక్కడేం దొరుకుతుందని జనం అనుకుంటున్నారు, వెళ్లినవాళ్లకు ఏమైంది. "తూర్పున ఒక పాడుబడ్డ కోట ఉంది" అంటే ఎవరూ కదలరు. "తూర్పు కోటలో రాత్రిళ్లు దీపం వెలుగుతోంది, ఆవును వెతుక్కుంటూ వెళ్లిన పాలేరు తిరిగొచ్చాడు కానీ పేరు మర్చిపోయాడు" అంటే ఎవరో ఒకరు లేచి నిలబడతారు.

ఈ వార్తలు ఎలా చెప్పాలో తెలియకపోతే మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథలు తిరగేయండి. యతి మణిసిద్ధుడితో కాశీకి నడుస్తున్న గోపకుర్రాడు ప్రతి మజిలీలో ఊరు చూడటానికి వెళ్లి, ఏదో ఒక వింత చూసి వచ్చి, దాని సంగతేమిటని గురువును అడుగుతాడు. అక్కణ్నుంచి కథ పుడుతుంది. మీరూ అంతే చేయండి. ప్రతి ఊళ్లో కంటికి కనిపించే వింత ఒకటి పెట్టి, దాని వెనక కథ మరో చోటికి దారి చూపేలా రాసుకోండి. సత్రంలో ముసలాయన చేత అరగంట ఉపన్యాసం చెప్పించనక్కర్లేదు.

లక్షణం: బాగా నడిచిన ఆట ఆరేడు సెషన్ల తర్వాత దారి తప్పుతుంది, ఎక్కడ తప్పిందో మీకు తెలియదు

నన్ను బాగా దెబ్బ తీసింది ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నా రెండో జానపద క్యాంపెయిన్‌లో ఇరవైకి పైగా చోట్లు పెట్టాను. ఎండిపోయిన చెరువు, దాని అడుగున ఒక తలుపు. ఉప్పు బండ్లవాళ్లకూ కొండవాళ్లకూ తగాదా. పగలు మనిషి, రాత్రి పులి అయ్యే కరణం. వీటన్నిటి మీదా ఒక మాంత్రికుడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో ఉన్న చిలకలో. ఆరో సెషన్లో ఒక ముసలమ్మ ఆ రహస్యం చెప్పింది. ప్లేయర్ల కళ్లు మెరిశాయి. నేను గెలిచాననుకున్నాను.

ఆ రోజు నుంచి ఏ ఊరికి వెళ్లినా వాళ్లది ఒకటే ప్రశ్న: "ఇక్కడ చిలక గురించి ఎవరికైనా తెలుసా?" తెలియదంటే సామాను సర్దుకుని ముందుకు పోయేవాళ్లు. చెరువు అడుగున తలుపు ఎవరూ తెరవలేదు. కరణాన్ని ఎవరూ పలకరించలేదు. వాళ్లకు ఓపిక లేదనుకుని, ప్రతి చోటా చిలకకు సంబంధించిన ఆనవాలు ఒకటి పెట్టుకుంటూ వచ్చాను. దాంతో జబ్బు ఇంకా ముదిరింది. ఏ వైపు నడిచినా అదే ఆనవాలు దొరుకుతుంటే వైపు ఎంచుకోవడంలో అర్థమేముంది? తొమ్మిదో సెషన్ అయ్యాక ఒక కుర్రాడు చెప్పులేసుకుంటూ అన్నాడు, "ఎటు వెళ్లినా అక్కడికే తీసుకెళ్తావు కదన్నా." పదో సెషన్‌కు ఇద్దరే వచ్చారు.

కారణం ఇది. మన జానపద సినిమాల్లో పెద్ద చిక్కుకు ఒకటే తాళం, దానికి ఒకటే తాళంచెవి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంది. గులేబకావళి కథలో ఆ పువ్వు తెస్తే తప్ప తండ్రికి చూపు రాదు. సినిమాకు అది ప్రాణం. మూడు గంటల కథ చెదిరిపోకుండా అదే పట్టి ఉంచుతుంది. అదే చిలకను శాండ్‌బాక్స్‌లో పెడితే, మిగతా చోట్లన్నీ ఒక్కసారిగా విలువ కోల్పోతాయి. మ్యాప్ చూడటానికి వెడల్పుగానే ఉంటుంది. ఆట మాత్రం ఒకే దారిలో నడుస్తుంటుంది. ఇది కనిపెట్టడం ఎందుకు కష్టమంటే, మొదట్లో జబ్బు ఆరోగ్యంలాగే కనిపిస్తుంది. ప్లేయర్లకు లక్ష్యం దొరికింది, హుషారుగా ఉన్నారు, ఇంకేం కావాలి అనిపిస్తుంది.

పరీక్ష చాలా సులువు. మీ చోట్ల జాబితా తీసి, చిలకను పెన్సిల్‌తో కొట్టేయండి. మాంత్రికుడి ప్రాణం ఎందులోనూ లేదనుకోండి. ఇప్పుడు ఎన్ని చోట్లకు వెళ్లడానికి కారణం మిగిలింది? సగం కూడా మిగలకపోతే మీ దగ్గరున్నది శాండ్‌బాక్స్ కాదు, మ్యాప్ వేసుకున్న సినిమా.

అలాగని చిలకను తీసేయమని నేను చెప్పను. అది తీసేస్తే జానపదం ఏం మిగులుతుంది? మీరు మార్చాల్సింది దాని చుట్టూ ఉన్నవాటిని.

ముందు 1951 నాటి పాతాళ భైరవిని ఈసారి డీఎమ్ కళ్లతో చూడండి. అమ్మవారి బొమ్మ తోట రాముడి చేతికి వచ్చేసరికి కథ ముగియదు. మాంత్రికుడు మళ్లీ బతికి వస్తాడు, రాజుగారి బావమరిదిని బుట్టలో వేసుకుని ఆ బొమ్మను కొట్టేయిస్తాడు. చివరికి రాముడి స్నేహితుడు అంజి ఉపాయంతో అది మళ్లీ రాముడి చేతికి వస్తుంది. బొమ్మ చేతులు మారుతుంటే కథ నడుస్తుంది. మీ చిలక కూడా అలాగే చేతులు మారగలగాలి.

అందుకని చిలక సంగతి ముసలమ్మ ఒక్కదానికే కాక కనీసం మరో ఇద్దరికి తెలిసుండాలి, వాళ్ల కోరికలు ఒకదానికొకటి పడకూడదు. మాంత్రికుడి శిష్యుడికి చిలక ప్రాణంతో కావాలి, ఎందుకంటే గురువును గుప్పిట్లో పెట్టుకోవాలి. కొడుకు రాయిగా మారిపోయిన తల్లికి కూడా అది ప్రాణంతోనే కావాలి, మాంత్రికుడు చస్తే ఆ మంత్రం విప్పేవాడు ఉండడు. పొరుగు సేనాపతికి అది చచ్చిపోవాలి, ఈ రాత్రికే. ఇప్పుడు చిలక ఎక్కడుందన్న ప్రశ్న చిన్నదైపోతుంది. దొరికాక ఏం చేస్తారన్నది పెద్దదవుతుంది, దానికి జవాబు మీ దగ్గర ఉండదు.

తర్వాత, చిలక జోలికి పోకుండానే మాంత్రికుడికి నొప్పి పుట్టే మార్గాలు ఉండాలి. వాడి పూజకు నూనె ఎక్కణ్నుంచి వస్తోంది? అమావాస్యనాడు గుహకు కాపలా ఎవరు? ఉప్పు బండ్లు ఆగిపోతే వాడి కోటలో ఎవరు పస్తులుంటారు? ఇవి రాసుకుంటే ఉప్పు బండ్ల తగాదాకు మళ్లీ ప్రాణం వస్తుంది, ప్లేయర్లు తమ బుర్రతో తామే ఆ ముడి వేసుకుంటారు. మాంత్రికుడు కూడా ఊరికే కూర్చోకూడదు. ఆటలో అమావాస్య వచ్చినప్పుడల్లా వాడి పథకం ఒక మెట్టు ముందుకు జరగాలి, దాని ఫలితం ఏదో ఒక ఊళ్లో కంటికి కనిపించాలి.

ఆఖరుగా, చిలకను మ్యాప్‌లో ఒక గడిలో పెన్నుతో రాసేయండి. ప్లేయర్లు దగ్గరైతే దూరం జరపకండి, దూరమైతే దగ్గరికి తేకండి. దీనికి చాలామంది ఒప్పుకోరు, మూడో సెషన్లోనే దొరికేస్తే ఎలా అని టెన్షన్ పడతారు. దొరకనివ్వండి. తర్వాత నడిపిన ఒక క్యాంపెయిన్‌లో నాకు అలాగే జరిగింది. తుఫానుకు పడవ కొట్టుకుపోయి, అదేమిటో తెలియకుండానే పంజరంతో సహా చిలకను ఇంటికి తెచ్చుకున్నారు. ఒకమ్మాయి దానికి మాటలు నేర్పడం మొదలుపెట్టింది. రెండు సెషన్ల తర్వాత మాంత్రికుడే బైరాగి వేషంలో వాళ్ల గుమ్మం ముందుకొచ్చి, "అమ్మా, ఈ పిట్టను అమ్ముతావా?" అని మర్యాదగా అడిగాడు. అంత నిశ్శబ్దంగా నా టేబుల్ ఎప్పుడూ లేదు. ఆ క్యాంపెయిన్ ఏడాదికి పైగా నడిచింది.

లక్షణం: ఒకడు హీరో, మిగతావాళ్లు వాడి వెనక

ఆ సినిమాల్లో రాజకుమారుడు ఒక్కడే, పక్కన నవ్వించే స్నేహితుడు. ఆ అచ్చు తెలియకుండానే టేబుల్ మీదికి వచ్చేస్తుంది. రాజుగారి షరతు, శాపం, జోస్యం ఒక్క క్యారెక్టర్‌కే తగిలితే మిగతా ముగ్గురూ అంజి అయిపోతారు. మొదటి సెషన్లోనే ఒక్కొక్కరికీ ఒక్కో మాట ఉండాలి: తల్లికిచ్చిన మాట, ఊరికి తీర్చాల్సిన బాకీ, మంత్రం నేర్పిన గురువుకు దక్షిణ. వాటిలో రెండైనా ఒకే సమయంలో నెరవేరకుండా చూసుకోండి. అప్పుడు ఎటు వెళ్లాలన్నది నిజమైన చర్చ అవుతుంది. రాకుమారిని బహుమతిగా పెట్టకండి, ఆమెకూ ఒక కోరిక, ఒక పథకం ఇవ్వండి.

లక్షణం: ఎవరు ఎదురైనా కత్తి దూస్తారు

కారణం మీరు రాక్షసుణ్ణి పరిచయం చేసే తీరు. హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడో చెప్పే అంకె) ముందు రాసి, కోరిక రాయకపోతే యుద్ధం తప్ప వేరే దారి ఉండదు. మన సినిమాల్లో భూతం ముందు మాట్లాడుతుంది, ఆకలని చెప్తుంది, శాపం గురించి ఏడుస్తుంది. మొసలిగా పడి ఉన్న అప్సరస శాపం తీరగానే తోట రాముడికి మాంత్రికుడి గుట్టు చెప్పేస్తుంది. అందుకే పాత డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట)లోని రియాక్షన్ రోల్ వాడండి. ఎదురుపడగానే రెండు ఆరు ముఖాల డైస్ వేయాలి. మొత్తం 2 పడితే ఎదురైనది వెంటనే మీద పడుతుంది, 12 పడితే స్నేహంగా ఉంటుంది, మధ్యలో పడితే ఆ రెండిటి నడుమ ఎక్కడో ఉంటుంది, చాలాసార్లు తేల్చుకోక చూస్తుంటుంది. ఎక్కువసార్లు పడేది మధ్యదే, మాటలు పుట్టేదీ అక్కడే.

లక్షణం: గెలిచినా ప్లేయర్లకు సంతోషం లేదు

ఆపదలో మీరు దేవతను దింపి కాపాడి ఉంటారు. సినిమాలో అమ్మవారు ప్రత్యక్షమైతే హాలంతా దండం పెడుతుంది, టేబుల్ దగ్గర మాత్రం ప్లేయర్ల గెలుపు లాగేసుకున్నట్టు ఉంటుంది. దైవసాయం ప్లేయర్లు అడిగితేనే రావాలి, దానికి చెల్లించాల్సింది ముందే తెలియాలి.

అరుదైనవి

ఏ రూల్స్ వాడుతున్నారన్నది దాదాపు ఎప్పుడూ కారణం కాదు, మీ టేబుల్‌కు అలవాటైనవే వాడండి. మ్యాప్ చిన్నదైందని బాధపడేవాళ్లు కనిపిస్తారు. ఒక గడి అరరోజు నడక అనుకుంటే, చుట్టూ మూడు రోజుల దూరం గీసుకున్నది నెలల తరబడి సరిపోతుంది. సినిమా డైలాగులు చెప్పి నవ్వుతున్నారంటే అది జబ్బు కాదు, మొదటి రెండు సెషన్లలో అందరూ చేసేదే. ఎవరికైనా మొదటి నష్టం నిజంగా తగిలిన రోజున దానంతట అదే తగ్గుతుంది.