బాపు పత్తికి స్లాట్ బుక్ చేయడం: ఫోన్ నంబర్ నుంచి తక్‌పట్టీ దాకా

హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, ఊళ్లో అమ్మా బాపు పత్తి పండిస్తుంటే పండుగలకు పోయి వచ్చే కొడుకులూ బిడ్డలూ చదవాలని ఇది రాస్తున్నాను. 2025 వానాకాలం పంట నుంచి మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐకి (కాటన్ కార్పొరేషన్) పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఉండాలి, స్లాట్ ఉండాలి, అంటే ఏ మిల్లుకు ఏ రోజు తెస్తారో ముందే బుక్ చేసుకోవాలి. దళారుల బెడద తప్పించడానికి తెచ్చామన్నారు, ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ ఇదివరకు గుమాస్తా చేసిన రాతకోతల పని ఇప్పుడు రైతు ఫోన్ మీద పడింది. మా బాపుకు ఫోన్ వస్తే ఎత్తడం తెలుసు, చేయాలంటే పక్కింటి పిల్లగాడిని పిలుస్తాడు. ఇంట్లో ఆ పని చేసిపెట్టే మనిషి లేకపోతే ఆయన మళ్లీ పోయేది ఊరి చివర కాంటా పెట్టుకున్న వ్యాపారి దగ్గరికే, అక్కడ ఓటీపీ అడగరు, ధర కూడా వాళ్లు చెప్పిందే.

యాప్ కంటే ముందు ఫోన్ నంబర్ సంగతి చూడండి. వ్యవసాయ శాఖ పంట రికార్డులో ఏ నంబర్ రాసి ఉందో దానికే ఓటీపీ వస్తుంది. మా ఇంట్లో రికార్డులో ఉన్నది నాలుగేళ్ల కిందటి సిమ్, రీచార్జ్ చేయక బందయింది, ఆ నంబర్ ఇప్పుడు ఎవరో తెలియని మనిషి దగ్గర ఉంది. నేను హనుమకొండలో కూర్చొని అరగంటసేపు ఓటీపీ రాలేదు, రాలేదు అనుకున్నాను. చివరికి రైతు వేదికకు రెండుసార్లు తిరిగి ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారితో నంబర్ మార్పించుకున్నాం. ఈ పని పత్తి పగిలాక కాదు, పూత మీద ఉన్నప్పుడే చేయాలి, ఎందుకంటే సీజన్ మొదలైతే ఏఈఓ చుట్టూ యాభై మంది ఉంటారు. ఆధార్‌కు కూడా అదే నంబర్ లింక్ చేయించండి, పోస్టాఫీసులో గానీ ఆధార్ సెంటర్‌లో గానీ 75 రూపాయలకు అయిపోతుంది.

రెండోది పంట నమోదు. ఏఈఓ దగ్గర మీ సర్వే నంబర్ మీద ఎన్ని ఎకరాల పత్తి రాసి ఉందో కళ్లతో చూసుకోండి, మాట మీద నమ్మకండి. నాలుగెకరాల పత్తి వేస్తే రెండెకరాలు మక్క అని పడిన ఇళ్లు నాకు తెలుసు. ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది గానీ ఎంత పత్తి కొంటారన్నది ఈ ఎకరాల లెక్క మీదే ఉంటుంది. 2025 నవంబర్‌లో మన తెలంగాణలో ఎకరానికి 12 క్వింటాళ్ల పరిమితిని 7కు దించారు, అంటే నాలుగెకరాలకు 28 క్వింటాళ్లు, అందులో రెండెకరాలు రికార్డులో తప్పితే 14. మిగిలింది ఎక్కడ అమ్ముకోవాలి? మంచి నల్లరేగడిలో పది పండించిన రైతుకు ఏడే కొంటామనడం అన్యాయమని నా అభిప్రాయం, దాని మీద కొట్లాడాల్సిందే, కానీ కొట్లాడే లోపల రికార్డయినా సరిగ్గా ఉండాలి కదా.

కౌలుకు చేసేవాళ్లకు ఇది ఇంకా కష్టం. భూమి ఒకరిది, చెమట ఒకరిది, ఓటీపీ పోయేది పట్టాదారు ఫోన్‌కు. విత్తనం పెట్టేటప్పుడే పట్టాదారుతో కూర్చొని పంట ఎవరి పేరు మీద నమోదు చేస్తున్నారు, డబ్బులు ఎవరి ఖాతాలో పడతాయి అన్నది తేల్చుకోండి. ఇద్దరు పెద్దమనుషుల ముందు కాగితం రాసుకుంటే తర్వాత మొహమాటం ఉండదు.

ఇక స్లాట్. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇది పది నిమిషాల పని. దగ్గర్లోని జిన్నింగ్ మిల్లు, తేదీ, ఎంత పత్తి తెస్తారో ఇచ్చి స్క్రీన్‌షాట్ తీసి బాపు ఫోన్‌కు పంపండి, పక్కన కాగితం మీద కూడా రాయించండి. ఒక్క మాట గుర్తుంచుకోండి, స్లాట్ దొరికింది కదా అని పట్టేయకండి. తేదీ ఎంచుకునే ముందు బాపును అడగాల్సింది "పత్తి ఎండిందా?" అని.

ఎందుకంటే అసలు కథంతా తేమ దగ్గరే ఉంది. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు, అది 8 శాతం తేమ ఉన్నదానికి. ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం ధర, అంటే 81 రూపాయల పది పైసలు కోస్తారు. 12 దాటితే తీసుకోరు. 25 క్వింటాళ్ల బండి 12 శాతం తేమతో పోయిందనుకోండి, నాలుగు శాతం కోత పడి సరిగ్గా ఒక క్వింటా ధర పోయినట్టు.

మేం మొదటిసారి పోయింది నవంబర్‌లో, పొద్దున మంచు విపరీతంగా ఉన్న రోజుల్లో. మిల్లు దగ్గర ఒకతను బండెక్కి, పత్తిలోకి మోచేతి దాకా మీటర్ గుచ్చాడు. 14. బాపు నమ్మలేదు. తనూ చేయి పెట్టాడు, గుప్పెడు పత్తి తీసి చెంపకు ఆనించుకున్నాడు, ఏమీ మాట్లాడకుండా మళ్లీ బండిలో వేశాడు. పైన ఎండిన పత్తే, లోపల చల్లగా ఉంది. వాపస్ తీసుకొచ్చే కిరాయి లేక దారిలో ప్రైవేటు వ్యాపారికి క్వింటా 6,500కు ఇచ్చేశాం.

ఆ తర్వాత నేర్చుకున్నది చెప్తున్నాను. పొద్దున ఆరింటికి ఏరిన పత్తి నీళ్లు మోసుకొస్తుంది, మంచు ఆరాక, తొమ్మిది దాటాక ఏరించండి, కూలీ ఒక పూట తగ్గినట్టు అనిపించినా సరే. ఇంటికి తెచ్చాక టార్పాలిన్ మీద పల్చగా పరిచి, మధ్యాహ్నం ఒకసారి తిరగేసి, పొద్దు గూకకముందే కుప్ప చేసి కప్పేయండి, రాత్రి పరిచి ఉంచితే పగలంతా ఎండింది మళ్లీ పీల్చుకుంటుంది. రెండు మూడు రోజులు ఇలా చేశాకే స్లాట్ పట్టండి. తేమ మీటర్ బయట కూడా దొరుకుతుంది, నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కుంటే బండి కట్టకముందే సంగతి తెలుస్తుంది. మేం ఆరు ఇళ్లవాళ్లం కలిసి కొన్నాం. రెండోసారి మా పత్తికి 9 వచ్చింది.

మిల్లుకు బాపును ఒక్కడినే పంపకండి. ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు, స్లాట్ వివరాలు ఒక కవర్‌లో పెట్టి, ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరైనా తోడు పోవాలి. మీటర్ రీడింగ్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి, గొడవ పెట్టుకోవడానికి కాదు, లెక్క కోసం. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు రెండూ రాసుకోండి. తక్‌పట్టీ, అంటే కొన్న పత్తి లెక్క రాసిచ్చే రసీదు, చేతికి వచ్చాక అందులో పేరు, బరువు, తేమ, ధర చదివి చూశాకే గేటు దాటండి.

డబ్బులు ఆధార్‌కు లింకైన ఖాతాలో పడతాయి. మన ఊళ్లల్లో ఒక్కొక్కరికి రెండు మూడు ఖాతాలుంటాయి, క్రాప్ లోన్ ఒకదాంట్లో, ఉపాధి హామీ పైసలు ఇంకోదాంట్లో. ఏది లింకై ఉందో తెలియక డబ్బులు రాలేదని టెన్షన్ పడుతుంటారు. మై ఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, అక్కడ బ్యాంకు పేరు కనిపిస్తుంది. అమ్మకానికి ముందే చూసి పెట్టుకోండి.

ఇదే సమయంలో "సీసీఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పత్తి డబ్బులు ఆగిపోయాయి, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేయమని బాపుకు, ముఖ్యంగా అమ్మకు, ఇప్పుడే చెప్పండి. డబ్బు తీసుకోవడానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. పొరపాటున చెప్పేస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మీ ఇంటి పని అయ్యాక పక్క ఇంటి పెద్దమ్మను కూడా ఒకసారి అడగండి, ఆమె నంబర్ రికార్డులో సరిగ్గా ఉందో లేదో. మా వాడలో ఇంకా నాలుగు ఇళ్లు మిగిలాయి, ఈ ఆదివారం నేను ఆ పని మీదే ఊరికి పోతున్నాను.