బెంగళూరు చుట్టాలింటికి వెళ్తే ఒక పొద్దుట రామనగరం

సెలవులకి బెంగళూరులో అక్కావాళ్లింటికో బాబాయివాళ్లింటికో వెళ్తే మాల్స్ ఎలాగూ తిరుగుతాం. ఈసారి ఒక ఉదయం రామనగరం పట్టుగూళ్ల (పట్టుపురుగులు తమ చుట్టూ అల్లుకునే గూళ్లు) మార్కెట్‌కి కేటాయించండి. మైసూరు రోడ్డులో సుమారు 50 కిలోమీటర్లు, రైలు కూడా ఉంది.

వేలం చూడాలంటే పొద్దున్నే బయల్దేరాలి. రాయలసీమ నుంచి కూడా రైతులు గూళ్లు తెస్తారు కాబట్టి కన్నడం రాదని టెన్షన్ అక్కర్లేదు. తెల్లగా ఉన్నవి బైవోల్టైన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే పట్టుపురుగు రకం) గూళ్లు, పసుపుగా ఉన్నవి సంకర జాతివి. ఎవరినైనా అడగండి, చేతిలో పెట్టి మరీ చూపిస్తారు. బేరం జరిగేచోట మాత్రం ఫోన్ పట్టుకుని అడ్డం నిలబడకండి.

అసలు చూడాల్సింది దారం తీయడం. ఊళ్లో రీలింగ్ యూనిట్లు చాలా ఉన్నాయి, అనుమతి అడిగి లోపలికి వెళ్లండి. గూళ్లను వేడినీళ్లలో వేస్తే పోగును అంటిపెట్టుకున్న సెరిసిన్ అనే జిగురు మెత్తబడి కొస దొరుకుతుంది. ఒక్క గూటి నుంచి వందల మీటర్ల పోగు వస్తుంది. కానీ అది మరీ సన్నం, అందుకే కొన్ని గూళ్ల పోగులు కలిపి ఒక దారంగా చుడతారు. ఇది చూశాక పట్టుచీర ధర మీద నా సణుగుడు కొంచెం తగ్గింది!

వాసన ఘాటుగా ఉంటుంది, టిఫిన్ తిన్న వెంటనే వెళ్లకండి. లోపలి పురుగు చచ్చిపోతుందని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.