సహకార సంఘాల లెక్కలు మనమే చదువుకుందాం – 5వ పాఠం: కరెంటు సంఘంలో మిగిలిన డబ్బు

ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క: 84,000 రూపాయల పాలు పోసిన సభ్యురాలికి బోనస్ ఎంత? పాల సంఘానికి ఏడాది చివర మిగిలింది 1,20,000 రూపాయలు. సంఘం పక్కన పెట్టుకునే రిజర్వు నిధికి నాలుగో వంతు పోగా 90,000. ఏడాదంతా సభ్యుల నుంచి కొన్న పాల విలువ 30 లక్షలు. కాబట్టి రూపాయికి 3 పైసల బోనస్. 84,000 రూపాయల పాలు పోసిన సభ్యురాలికి వచ్చేది 2,520 రూపాయలు. ఆ 90,000ను సభ్యుల సంఖ్యతో భాగించిన వారు ఉంటే కొట్టేసి మళ్లీ చేయండి. పోసిన పాలను బట్టి బోనస్ అన్నది చేతికి పట్టుబడితేనే ఈ రోజు పాఠం ముందుకు సాగుతుంది.

ఈ పాఠం రాయడానికి కారణం మా పద్మారావునగర్ అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉండే పెద్దాయన. కూతురు అమెరికాలో, అట్లాంటాకు ఉత్తరాన ఉంటుంది. ఒక ఆదివారం ఉదయం ఫోను పట్టుకుని కిందికి వచ్చారు. నేను సంఘాలకు ఆడిట్ చేసి రిటైరయిన వాడినని తెలుసు కదా, ఏ కాగితం అర్థం కాకపోయినా నా దగ్గరికే వస్తారు.

"సార్, మా అమ్మాయికి కరెంటు వాళ్లు 96 డాలర్లు ఇస్తారట. కానీ ఇప్పుడు ఇవ్వరట. ఇదేమి లెక్క? ఇస్తున్నట్టా, లేనట్టా?"

ఫోనులో ఉన్నది ఒక నోటీసు ఫోటో. ఫలానా సంవత్సరానికి మీ పేరిట కేటాయించిన క్యాపిటల్ క్రెడిట్లు 96 డాలర్లు అని ఒక వరుస. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈ మొత్తాన్ని బిల్లులో తగ్గించుకోవడానికి వీల్లేదు అని ఇంకో వరుస. ఆయన అడిగిన ప్రశ్న సరిగ్గా ఆ రెండు వరుసల మధ్య ఉంది.

ఆ అమ్మాయికి కరెంటు ఇచ్చేది కంపెనీ కాదు, సంఘం. జార్జియా రాష్ట్రంలో వీటిని ఎలక్ట్రిక్ మెంబర్‌షిప్ కార్పొరేషన్లు అంటారు. అమెరికా అంతటా ఇలాంటివి సుమారు 900 ఉన్నాయి. 1930ల మొదట్లో అక్కడ పదింట తొమ్మిది వ్యవసాయ కుటుంబాలకు కరెంటు లేదు. మైలుకు రెండు మూడు ఇళ్లున్న చోట స్తంభాలు వేస్తే గిట్టదని కంపెనీలు అటు వెళ్లలేదు. 1935 మే 11న అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణకు ఒక సంస్థను పెట్టించారు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ఆ సంస్థ ఇచ్చిన అప్పుతో రైతులు సంఘాలు పెట్టుకుని తీగలు తామే లాగించుకున్నారు. మీటరు ఎవరి పేరిట ఉంటే వాళ్లే సభ్యులు, వాళ్లే యజమానులు. అట్లాంటా పెరిగి ఆ పొలాల్లోకి వచ్చేసరికి మన పిల్లలు కూడా తెలియకుండానే సభ్యులయ్యారు.

ఇప్పుడు పలక తీయండి. నోటీసులో ఉన్నది 96 మాత్రమే, మిగతావి నేను లెక్క తేలిగ్గా ఉండాలని వేసుకున్న గుండ్రటి అంకెలు.

సంఘం ఏడాదిలో సభ్యులకు వేసిన బిల్లుల మొత్తం 5 కోట్ల డాలర్లు. కరెంటు కొనుగోలు, జీతాలు, మరమ్మతులు, అప్పు మీద వడ్డీ, తరుగుదల అన్నీ కలిపి ఖర్చు 4 కోట్ల 80 లక్షలు. మిగిలింది 20 లక్షలు. సంఘం పుస్తకాల్లో దీన్ని లాభం అని రాయరు, మార్జిన్ అంటారు. సభ్యుల దగ్గర అసలు ఖర్చు కంటే ఎక్కువ వసూలైన డబ్బని దాని అర్థం. ముందే అంత కచ్చితంగా ధర ఎందుకు పెట్టరని అడగవచ్చు. గాలివాన ఎన్ని స్తంభాలు పడగొడుతుందో, ఎండాకాలం ఎంత మండుతుందో జనవరిలో ఎవరు చెప్పగలరు? పైగా అప్పిచ్చిన వాళ్లు కూడా కొంత మిగులు చూపించమంటారు.

20 లక్షలను 5 కోట్లతో భాగించండి. డాలరుకు 4 సెంట్లు. ఈ అమ్మాయి ఏడాది బిల్లు 2,400 డాలర్లు. 2,400 × 0.04 = 96. పక్క ఊళ్లో కోళ్ల ఫారం నడిపే సభ్యుడి బిల్లు 30,000 అయితే అతని వాటా 1,200. సర్వసభ్య సమావేశంలో మాత్రం ఇద్దరికీ ఒక్కొక్క ఓటే. కరెంటు ఎంత కాల్చినా ఓటు పెరగదు, వాటా పెరుగుతుంది. కొన్ని సంఘాలు ఇళ్లకు ఒక రేటు, కర్మాగారాలకు ఒక రేటు కట్టి పంచుతాయి. ఆ చిక్కుముడి ఇప్పుడు మనకు అక్కర్లేదు.

ఇంతవరకు పాల సంఘం లాగే ఉంది. ఇక్కడి నుంచి దారి మారుతుంది. పాల సంఘం బోనస్‌ను దసరాకో దీపావళికో చేతిలో పెడుతుంది. కరెంటు సంఘం పేరు మీద రాసి ఉంచుతుంది. ఆ 96 డాలర్లు ఇప్పటికే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ గానో స్తంభం గానో నిలబడి ఉంటాయి. కంపెనీ అయితే షేర్లు అమ్మి పెట్టుబడి తెచ్చుకుంటుంది, సంఘానికి పెట్టుబడి సభ్యుల ఈ మిగులే. అందుకే పేరులో క్యాపిటల్ అన్న మాట ఉంది. నోటీసు చెప్పేది కేటాయింపు గురించి, చెల్లింపు గురించి కాదు. వాటి మధ్య పదిహేను, ఇరవై, ఒక్కోసారి ముప్పై ఏళ్లు గడుస్తాయి. వడ్డీ ఉండదు.

ఈ మాట చెప్పగానే పెద్దాయన ముఖం చిన్నబోయింది. "ముప్పై ఏళ్లా? అప్పటికి మా అమ్మాయికి మనవలు పుడతారు!"

నిజమే. వడ్డీ లేకుండా అన్నేళ్లు ఉంచుకోవడం నాకూ పూర్తిగా నచ్చదు. ఊరి నుంచి వెళ్లిపోయిన వాడి డబ్బుతో నిన్న వచ్చిన వాడు చవకగా కరెంటు కాల్చుకుంటున్నాడన్న విమర్శ అక్కడా ఉంది. చెల్లించే వరుసను నిర్ణయించేది సభ్యులు ఎన్నుకున్న పాలకవర్గం. చాలా చోట్ల పాత సంవత్సరాల బాకీ ముందు తీరుస్తారు. కొన్ని చోట్ల పాతదాంట్లో కొంత, నిరుటిదాంట్లో కొంత కలిపి ఇస్తారు, కొత్త సభ్యులకూ రుచి తెలియాలని. చేతిలో నగదు తక్కువగా ఉన్న ఏడాది చెల్లింపే ఉండకపోవచ్చు. ఇచ్చినప్పుడు బిల్లులో తగ్గిస్తారు, లేదా చెక్కు పంపుతారు.

సభ్యుడు చనిపోతే వారసులు ముందుగా అడగవచ్చు. గడువుకు ముందే ఇస్తున్నందుకు చాలా సంఘాలు అప్పుడు తగ్గించి ఇస్తాయి. ఎంత తగ్గుతుందో చూడండి. పదిహేనేళ్ల తర్వాత రావలసిన 1,000 డాలర్లను ఏడాదికి 5 శాతం వడ్డీ చొప్పున ఈ రోజు విలువకు మార్చాలి. పదిహేను 1.05లను ఒకదానితో ఒకటి గుణిస్తే 2.079 వస్తుంది. 1,000ని దానితో భాగిస్తే 481. సగానికి సగం కూడా లేదు. తొందర లేని కుటుంబమైతే ఆగడమే మేలు, ఆగే వీలు సంఘం నిబంధనల్లో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

పెద్దాయనకు నేను చెప్పిన పని ఒక్కటే. ఇల్లు మారినా, రాష్ట్రం మారినా, కొత్త చిరునామా ఆ సంఘానికి రాసిపెట్టమని అమ్మాయితో చెప్పమన్నాను. కనెక్షన్ తీసేసినంత మాత్రాన జమ పోదు, కానీ చెక్కు పాత తలుపు దగ్గరికి వెళ్లి వెనక్కి వస్తుంది. అలా చిరునామా దొరకని పాత సభ్యుల పేర్ల జాబితాలు సంఘాలు ప్రచురిస్తూనే ఉంటాయి.

"మరి మన బిల్లులో కూడా ఏడాదికోసారి ఏదో తగ్గిస్తారు కదా, అదీ ఇదేనా?" అని అడిగారు మెట్లెక్కబోతూ. కాదు. హైదరాబాదులో మనకు కరెంటు ఇచ్చేది ప్రభుత్వ పంపిణీ కంపెనీ. మనం దానికి వినియోగదారులం, సభ్యులం కాదు. బిల్లులో సర్దుబాటు చేసేది మనం కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ మీద వడ్డీ. ఆ కంపెనీకి డబ్బు మిగిలినా మన పేరిట ఎక్కడా రాయరు.

సంఘం కరెంటు చూడాలంటే జూబ్లీ బస్ స్టేషన్‌లో సిరిసిల్ల బస్సు ఎక్కండి. అక్కడి సహకార విద్యుత్ సరఫరా సంఘం 1970 నుంచి నడుస్తోంది. దేశంలో ప్రయోగంగా మొదలుపెట్టిన అయిదు గ్రామీణ విద్యుత్ సంఘాల్లో అది ఒకటి. వాటిని రూపొందించేటప్పుడు సలహా ఇచ్చింది అమెరికా సంఘాల సమాఖ్యే. మరమగ్గాల కార్మికులూ రైతులూ ఓట్లేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. అయితే ధర నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, టోకున కరెంటు అమ్మేది ఉత్తర తెలంగాణ పంపిణీ కంపెనీ. రెండు వైపులా అంకెలు వేరేవాళ్ల చేతిలో ఉంటే మధ్యలో మిగులు ఎలా తయారవుతుందన్నది ఆరో పాఠం.

ఈ లోపు ఈ లెక్క చేయండి. సంఘం బిల్లుల మొత్తం 6 కోట్లు, ఖర్చు 5 కోట్ల 82 లక్షలు. నెలకు సగటున 1,500 కట్టే ఇంటి వాటా ఎంత? ఆ ఇంటి పాత ఖాతాలో 2005కు 460, 2006కు 520, 2007కు 505 ఉన్నాయి. పాలకవర్గం 2005 బాకీ పూర్తిగా, 2006 బాకీ సగం తీర్చాలని తీర్మానించింది. వచ్చేది ఎంత? ఇంటావిడ 2007లోనే ఊరు వదిలి వెళ్లిపోయింది. ఆమెకు ఇవ్వాలా, వద్దా?