అక్టోబరులో నార్వే తీరం ఓడ ఎక్కాలనుకునే మన శ్రీకాకుళం వాళ్లకి

నార్వే తీరం వెంబడి వెళ్లే ఓడ ప్రయాణాన్ని క్రూజ్ అనే అమ్ముతారు గానీ, డాన్సు షోలూ క్యాసినోలూ ఉండే తేలియాడే హోటల్‌ని మనసులో పెట్టుకుని ఎక్కితే రెండో రోజుకే నిరాశ పడతారు. ఇది మన పలాస-విశాఖ ప్యాసింజర్ లాంటిది. 1893లో మొదలైన లైను. నార్వే పడమటి తీరాన ఉన్న బెర్గెన్ నగరంలో బయల్దేరి రష్యా సరిహద్దు పక్కనున్న కిర్కెనెస్ దాకా 34 రేవుల్లో ఆగుతూ పోతుంది, మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తుంది, మొత్తం 12 రోజులు. కొన్ని రేవుల్లో పావుగంటే ఆగుతుంది, ఊరివాళ్లు ఇద్దరో ముగ్గురో బ్యాగులు పట్టుకుని దిగుతారు, సరుకు దించుతారు, కదిలిపోతుంది. ఇలా రాత్రి రెండింటికి కూడా జరుగుతుంది, నిద్రలో చప్పుడు వినిపిస్తే కంగారు పడకండి. నేనైతే లేచి కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. అంత చిన్న ఊళ్లో, అంత చలిలో, వీధి దీపం కింద ఎవరో ఎవరికోసమో ఎదురుచూస్తూ నిలబడి ఉండటం చూస్తే ఆ దేశం మీద ఒక అభిమానం పుట్టేస్తుంది.

అమ్మని తీసుకెళ్లాను. ఆవిడది ఉద్దానం, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కొబ్బరిచెట్లు వరసగా పడిపోవడం చూసిన మనిషి. టికెట్ల సంగతి చెప్పగానే "తుఫాను నెలలో సముద్రం మీదికేటే?" అంది. ఆ భయం మన దగ్గర చాలామందికి ఉంటుంది, తప్పు కూడా కాదు. అక్కడా ఈ కాలంలో గాలివానలు వస్తాయి. తేడా ఏంటంటే దారిలో ఎక్కువ భాగం ఒడ్డుకీ దీవులకీ మధ్యన సాగుతుంది, దీవులే అలల్ని ఆపుతాయి. అడ్డు లేని చోట్లు కొన్నే ఉన్నాయి: స్టాడ్ అనే మొన, హుస్టాడ్‌వికా, బూడో రేవు నుంచి లొఫోటెన్ దీవులకి దాటే వెస్ట్‌ఫ్యోర్డ్, ఆపైన ఉత్తరం కొసన బారెంట్స్ సముద్రం వైపు. అవి ఎప్పుడు వస్తాయో ముందే అడిగి తెలుసుకుని ఆ గంటలకి సిద్ధంగా ఉంటే టెన్షన్ సగం పోతుంది. సముద్రం మరీ బాగాలేకపోతే కెప్టెన్ ఒక రేవుని వదిలేసి వెళ్లిపోవచ్చు, మీరు డబ్బు కట్టిన సైట్‌సీయింగ్ రద్దు కావచ్చు. అప్పుడు కౌంటర్ దగ్గర గొడవ పడి లాభం లేదు.

మా బాబాయి ఏళ్ల తరబడి సరుకు ఓడల్లో పనిచేశాడు, మన జిల్లాలో ఇలాంటి బాబాయి లేని ఇల్లు తక్కువే కదా. ఆయన చెప్పినవే నాకు పనికొచ్చాయి. క్యాబిన్ ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి, ఊపు అక్కడే తక్కువ. పై అంతస్తు, ముందు భాగం చూడటానికి బాగుంటాయి గానీ ఊగేది కూడా అక్కడే. కడుపు ఖాళీగా ఉంచుకోకండి, అలాగని నిండా తినకండి. వాంతి వచ్చేలా ఉంటే పడుకుని ఫోన్ చూడొద్దు, బయటికొచ్చి దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతని చూడండి. మందు బిళ్ల వేసుకునేట్టయితే తలతిప్పుడు మొదలయ్యాక కాదు, గంట ముందే, అదీ బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఇక్కడి డాక్టర్‌ని అడిగాకే.

ఎప్పుడు వెళ్లాలి అంటే, సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా అని చెబుతాను. ఆ రోజుల్లో భూర్జ (బర్చ్) చెట్ల ఆకులు పసుపు రంగుకి తిరిగి ఉంటాయి, కొండల మీద కొత్త మంచు పడి ఉంటుంది, రెండూ ఒకేసారి దొరుకుతాయి. అక్టోబరు సగం దాటితే ఉత్తరాన ఆకులు రాలిపోతాయి. పగలు కూడా మనకి తెలిసిన లెక్కలో తగ్గదు. ఆర్కిటిక్ వలయం పైన ఈ కాలంలో వారానికి దాదాపు గంట చొప్పున పగలు కురచవుతుంది. అందుకే సైట్‌సీయింగ్ పొద్దున్నే పెట్టుకోండి, సాయంత్రానికి వాయిదా వేయకండి. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మనకీ వాళ్లకీ మూడున్నర గంటలున్న తేడా ఆ రోజు నుంచి నాలుగున్నర అవుతుంది. ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

వీసా షెంగెన్‌ది, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 30,000 యూరోలకి మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి త్వరగా మొదలుపెట్టండి. బెర్గెన్‌కి మాత్రం ఓడ బయల్దేరే రోజునే చేరేలా టికెట్ తీసుకోకండి. విశాఖ నుంచి రెండు మూడు విమానాలు మారాలి, ఒక్కటి ఆలస్యమైనా ఓడ మీకోసం ఆగదు. ఒక రోజు ముందే వెళ్లి ఊళ్లో తిరగండి. వాన మాత్రం తప్పదు, యూరప్‌లో బాగా తడిసే నగరాల్లో అదొకటి.

బట్టల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు పొరపాటు చేసేది ఇక్కడే. ఉత్తరాన ఉన్న ట్రోమ్సో ఊళ్లో అక్టోబరు చలి అంకెల్లో చూస్తే 2 నుంచి 5 డిగ్రీలు, అంతే కదా అనిపిస్తుంది. డెక్ మీద గాలి కొడితే ఆ లెక్క పనిచేయదు. ఒక్క లావు కోటు కొనుక్కుని వెళ్లడం కంటే మూడు పొరలు మేలు: ఒంటికి ఆనుకుని ఉన్ని బనియను, దాని మీద ఫ్లీసు (మెత్తగా నూగులా ఉండే వెచ్చని స్వెట్టరు), పైన గాలీ వానా చొరబడని జాకెట్. లోపలికి కాటన్ వద్దు, చెమటకో వానకో తడిస్తే ఆరదు, చలి ఎముకలదాకా పోతుంది. గొడుగు అక్కడి గాలికి ఒక్క నిమిషం నిలవదు. మనం సంక్రాంతి చలికి పెట్టుకునే మంకీ క్యాప్ నిజంగా మంచి వస్తువు, సిగ్గుపడకుండా పట్టుకెళ్లండి. తడి డెక్ మీద జారని బూట్లు, రెండు జతల గ్లవ్స్ ఉండాలి. అమ్మ చీరే కట్టింది, లోపల ఉన్ని లెగ్గింగ్స్, బయట మోకాళ్లు దాటే రెయిన్ కోటు, హాయిగా తిరిగింది. కొబ్బరినూనె సీసా మాత్రం వద్దు, 24 డిగ్రీలు దిగితే గడ్డకడుతుంది, అక్కడ అది మళ్లీ కరగదు. డబ్బాలో పెట్టి తీసుకెళ్తే గోకి రాసుకోవచ్చు.

తిండి: చేపలు, ఉడికించిన బంగాళాదుంపలు, రొట్టె, చీజ్. చేప తినేవాళ్లకి పండగే, కానీ కారం, పులుపు ఉండవు. గోధుమ రంగులో తియ్యగా ఉండే చీజ్ ఒకటి పెడతారు, అమ్మకి నచ్చింది, కోవాలా ఉందంది. శాకాహారులు బుకింగ్‌లోనే చెప్పి, ఓడ ఎక్కగానే డైనింగ్ హాల్లో మళ్లీ చెప్పాలి. మా ఏజెంటు మా మాట ముందుకి చేరవేయలేదు, అమ్మ శనివారం చేప ముట్టదు, ఆ పూట రొట్టె, సూప్‌తో గడిచింది. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ బాగా సీలు చేసి తీసుకెళ్లండి. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్లు వద్దు, పాలూ మాంసంతో చేసినవి మన దేశం నుంచి అక్కడికి తీసుకెళ్లనివ్వరు. క్యాబిన్‌లో రైస్ కుక్కర్ పెట్టే ఆలోచన అసలు చేయకండి, ఓడ మీద నిప్పంటే ఎవరూ ఊరుకోరు. నీళ్లు కుళాయివే తాగొచ్చు, సీసాలు కొని డబ్బు తగలేయొద్దు. దాదాపు ప్రతిచోటా కార్డే నడుస్తుంది.

లొఫోటెన్‌లో పెద్ద పెద్ద కర్రల పందిళ్లు ఖాళీగా కనిపిస్తాయి. కాడ్ చేపని ఉప్పు లేకుండా గాలికి ఎండబెట్టే పందిళ్లవి. వేలాడదీయడం శీతాకాలం చివర మొదలుపెట్టి వేసవికల్లా దించేస్తారు. బారువా ఒడ్డున ఇసకలో చేపలు ఎండబెట్టడం చూస్తూ పెరిగిన అమ్మకి అవి చూడగానే అర్థమైపోయాయి.

ఇక నార్తర్న్ లైట్స్, అంటే రాత్రి ఆకాశంలో పచ్చగా కదిలే వెలుగులు. రాత్రులు చీకటిగా ఉండటం, మార్చిలాగే ఈ రోజుల్లోనూ అవి కాస్త ఎక్కువగా కనబడటం వల్ల ఈ కాలం మంచిదే. కానీ మబ్బు ఉంటే ఏమీ లేదు. కనిపిస్తే స్పీకర్‌లో చెబుతారు, క్యాబిన్‌లో ఆ స్పీకర్ ఆపేసి పడుకోకండి. జాకెట్, బూట్లు మంచం పక్కనే పెట్టుకోండి, వెతుక్కునేలోపు ఆరిపోవచ్చు. పైకి వెళ్లాక లైట్లు లేని వైపు నిలబడి పది నిమిషాలు ఫోన్ ముట్టకుండా ఉండండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. మొదట తెల్లటి పొగలా ఉంటుంది, ఫోటోల్లో చూసినంత పచ్చగా కళ్లకి కనిపించకపోవచ్చు. ఓడ కదులుతుంటుంది కాబట్టి ఫోన్‌ని రెయిలింగ్‌కి ఆనించినా ఫోటో చెదురుతుంది. మాకు నాలుగు రాత్రులు మబ్బే. అయిదో రాత్రి పన్నెండున్నరకి పిలుపు వచ్చింది, అమ్మ నాకంటే ముందే మంకీ క్యాప్ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.