పాత కర్ర షెడ్డును ఇల్లు చేశాక తలుపులు పట్టేస్తున్నాయా? స్తంభం అడుగు చూడండి

సమస్య: విశాఖ వన్ టౌన్‌లో పాత వర్క్‌షాప్‌ను ఇల్లు చేసుకున్నారు. టేకు స్తంభాలు, దూలాలు, మంగళూరు పెంకులు అలాగే ఉంచారు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి తలుపు పట్టేస్తోంది, స్తంభానికీ గోడకీ మధ్య పగులు కనిపిస్తోంది.

దాదాపు అందరూ వడ్రంగిని పిలిచి తలుపుకు చిత్రిక పట్టించేస్తారు. దయచేసి ముందు తలుపు పైనున్న సందు చూడండి. అది పొడవునా ఒకేలా ఉండి, ఎండాకాలంలో తలుపు మామూలైపోతుంటే చెక్క చెమ్మకు ఉబ్బిందంతే. కింది అంచుతో సహా అన్ని అంచులకూ పెయింట్ వేయించండి. సందు ఒక మూల వెడల్పుగా, ఇంకో మూల సన్నగా ఉంటే మాత్రం స్తంభం దిగుతోందని అనుమానించాలి.

అసలు కారణం: షెడ్డుగా ఉన్నప్పుడు స్తంభం రాతి దిమ్మ మీద, నేలకు పైన నిలబడేది. ఇల్లు చేసేటప్పుడు కాంక్రీటు పోసి, నేల ఎత్తు పెంచి, టైల్స్ వేస్తారు. దిమ్మతో పాటు స్తంభం అడుగూ అందులో పూడిపోతుంది. కర్ర నీటిని ఎక్కువగా పీల్చేది కొస నుంచే. ఇల్లు కడిగిన నీళ్లు టైల్ అంచులోంచి దిగి అక్కడే నిలుస్తాయి, ఆరే దారి ఉండదు. కర్రలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే కుళ్లే ప్రమాదం మొదలవుతుంది. టేకు కదా అని ధీమా వద్దు, చేవకున్న బలం దాని చుట్టూ ఉండే లేత కర్రకు ఉండదు. పైన పాలిష్ మెరుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

టైల్ అంచు దగ్గర స్తంభాన్ని సన్న స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. గట్టి కర్రలో దిగదు. మెత్తగా దిగిందంటే తలుపు జోలికి వెళ్లొద్దు.

పరిష్కారం: పాత కర్ర పని తెలిసిన మేస్త్రీతో దూలం కింద జాకీలు పెట్టించి, బరువు దింపాకే కోత. గట్టి కర్ర తగిలేదాకా కుళ్లు తీసేసి, బాగా ఎండిన టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలపాలి. బోల్టులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. సముద్రపు గాలికి మామూలు ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, కర్రను చీలుస్తుంది. కొత్త అడుగు నేలకన్నా ఎత్తైన రాతి దిమ్మ మీద కూర్చోవాలి, దాని చుట్టూ గాలి ఆడాలి. చూడ్డానికి బాగుంటుందని అక్కడ సిమెంటో సిలికానో నింపుతామంటారు, ఒప్పుకోకండి.

మిగతావి: మరక స్తంభం పైభాగంలో ఉంటే పెంకు జరిగింది. 2014 నాటి హుద్‌హుద్ లాంటి తుఫాను వెళ్లాక ముందు పైకప్పే చూడాలి. మట్టి దారులు కనిపిస్తే చెదలు, సన్న రంధ్రాల్లోంచి పొడి రాలితే పురుగు. రెండింటికీ మందు కొట్టేవాళ్లున్నారు. పునాది కుంగడం అరుదు. కుంగిందని ఎవరైనా అన్నా, స్తంభం అడుగు గుచ్చి చూడకుండా తవ్వకం మొదలుపెట్టనివ్వకండి.